జాబితాలో మన పేరు

(సికింద్రాబాద్‌లో జరిగిన ఓటరు అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికల గురించిన సభలు సాధారణంగా పోలింగుకు వారం పది రోజుల ముందు జరుగుతాయి. ఎన్నికల సందడి ఏదీ లేని సమయంలో మేము ఈ సభ పెట్టడం చూసి కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. ఏ పార్టీకి ఓటు వేయాలో చెబుతారా అని అడిగినవారూ ఉన్నారు. ఆ మాట మేము చెప్పబోవడం లేదు. అది మీ వివేకానికి, మీ అంతరాత్మకు సంబంధించిన విషయం. మేము చెప్పదలచుకున్నది ఓటుకు ముందరి మెట్టును గురించి. ఆ మెట్టు పేరు ఓటర్ల జాబితా.

2018 డిసెంబరు 7వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. ఆనాడు మేము మా బస్తీలోని వృద్ధులను పోలింగు కేంద్రానికి చేర్చే పనిలో ఉన్నాము. డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లిని ఆటోలో తీసుకొని వెళ్లాము. ఆమె చేతిలో ఓటరు గుర్తింపు కార్డు ఉంది. గత ఎన్నికలో ఓటు వేసిన జ్ఞాపకం ఉంది. కాని జాబితాలో ఆమె పేరు లేదు. అక్కడి సిబ్బంది రెండుసార్లు వెదికి, తామేమీ చేయలేమని చెప్పారు. ఆమె కోపగించుకోలేదు. కార్డును కొంగున ముడివేసుకుంటూ, "బేటా, నేను బతికే ఉన్నాను కదా!" అని మాత్రం అన్నది. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేకపోయింది. పోలింగు నాడు ఎవరి దగ్గరా ఆ సమాధానం ఉండదు. ఎందుకంటే ఆమె ఓటు పోయింది ఆ రోజు కాదు. అంతకు ఎన్నో నెలల ముందే పోయింది.

అది ఒక్క ఇంటి కథ కాదు. 2015 మార్చి 3న ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాల ప్రక్షాళన పేరిట దేశవ్యాప్త కార్యక్రమం ఒకటి ప్రారంభించి, ఓటరు కార్డులను ఆధార్‌తో జతచేయడం మొదలుపెట్టింది. అదే సంవత్సరం ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వినియోగంపై ఇచ్చిన ఉత్తర్వుతో ఆ పని ఆగిపోయింది. 2014లో తెలంగాణ ప్రాంతంలో సుమారు 2 కోట్ల 81 లక్షల మంది ఓటర్లు ఉండగా, 2018 సెప్టెంబరులో వెలువడిన ముసాయిదా జాబితాలో సుమారు 2 కోట్ల 61 లక్షల మందే మిగిలారు. జనాభా పెరుగుతున్న రాష్ట్రంలో ఓటర్ల సంఖ్య తగ్గింది. ఆ తరువాత లక్షలాది పేర్లు తిరిగి చేరినా, పోలింగు నాడు కార్డులు చేతబట్టుకొని వెనుదిరిగినవారు నగరమంతటా కనిపించారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. క్షమాపణను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఆ తల్లి వేయవలసిన ఓటు క్షమాపణతో తిరిగి రాలేదు.

పేరు ఎలా తొలగిపోతుంది? మాలో కొందరం ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా జీవితం గడిపినవాళ్లం. దస్త్రాల నడక మాకు తెలుసు. తొలగింపులన్నింటి వెనుక కుట్ర ఉంటుందని మేము చెప్పము. చాలా సందర్భాలలో జరిగేది ఇది. బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చిన సమయానికి తలుపుకు తాళం ఉంటుంది. భర్త పనికి, భార్య పుట్టింటికి, పిల్లలు బడికి వెళ్లి ఉంటారు. పక్కింటివారు తెలియదంటారు. "ఇల్లు మారారు" అని కాగితం మీద ఒక మాట పడుతుంది. అద్దె ఇళ్లలో ఉండే మన కుటుంబాలు మూడేళ్లకోసారి వారాసిగూడ నుంచి చిలకలగూడకు, భోలక్‌పూర్ నుంచి బోయిన్‌పల్లికి మారుతూనే ఉంటాయి. పాత చోట పేరు పోతుంది. కొత్త చోట చేర్పించుకోవాలన్న తలంపు మనకు రాదు.

రెండవది పేర్ల చిక్కు. మన పేర్లు ఉర్దూలో పుట్టి, ఇంగ్లీషులో నమోదై, తెలుగులోకి మారేసరికి రూపం కోల్పోతాయి. ఒకే స్త్రీ రేషను కార్డులో "బేగం", ఆధార్‌లో "బీ", ఓటరు కార్డులో "ఉన్నిసా"గా ఉంటుంది. ఒకే వీధిలో ఒకే పేరు గల షేకులు నలుగురు ఉంటే, ఒకరే నాలుగుసార్లు నమోదయ్యారన్న అనుమానం కలుగుతుంది. కంప్యూటరుకు పేర్లు పోల్చడమే తెలుసు. వాళ్లు నలుగురు వేర్వేరు మనుషులని దానికి తెలియదు. ఆ సంగతి చెప్పవలసింది మనమే.

ఈ చిక్కు కొత్తది కాదు. స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగినప్పుడు, ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పడానికి ఇష్టపడక, ఫలానా వారి భార్యనని, ఫలానా వారి తల్లినని రాయించుకున్నారు. అటువంటి నమోదులు చెల్లవని ఆనాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ విధంగా జాబితా వెలుపల ఉండిపోయారు. తరువాతి ఎన్నికల నాటికి స్త్రీలు తమ పేర్లు తామే చెప్పడం నేర్చుకున్నారు. సోదరీమణులకు మా మనవి ఇది. మీ పేరు మీ భర్తకో కొడుకుకో వదలకండి. అక్షరం అక్షరం మీరే చూసుకోండి.

మూడవది ప్రచారం. 2020 డిసెంబరు 1న హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. నాలాల పూడిక, వరద ముంపు, చెత్త, వీధి దీపాల గురించి మాట్లాడుకోవలసిన ఎన్నిక అది. అంతకు నెలన్నర ముందే, అక్టోబరులో, నగరం వరదలో మునిగింది. అయినా ఆ ప్రచారంలో పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్న మాట వినిపించింది. అక్కడి జాబితాలలో పరదేశీయులు ఉన్నారన్న నింద వినిపించింది. అటువంటి నిందకు జవాబు మరింత పెద్ద గొంతుతో అరవడం కాదు. మన జాబితా స్వచ్ఛంగా ఉండడమే దానికి జవాబు. మరణించినవారి పేరు మన ఇంటి చిరునామాలో మిగిలి ఉంటే దానిని మనమే ముందుకు వచ్చి తీయించాలి. రెండు చోట్ల పేరు ఉంటే ఒకటి వదులుకోవాలి. అప్పుడే అర్హుడైన మనిషి పేరు తొలగించినప్పుడు మనం నిలబడి అడగగలం.

అడిగే హక్కు మనకు చట్టం ఇచ్చింది. 1990 దశకంలో ముంబయి, ఢిల్లీ నగరాలలో కొన్ని పేద బస్తీల ఓటర్లకు, మీ పౌరసత్వం నిరూపించుకోండి అంటూ నోటీసులు వచ్చాయి. ఆ బస్తీలవారు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. లాల్ బాబు హుస్సేన్ కేసుగా పేరుపొందిన ఆ వ్యవహారంలో 1995లో తీర్పు వచ్చింది. ఒకరి పేరు ఇదివరకే జాబితాలో ఉందంటే అది సక్రమంగా విచారించే చేర్చారని భావించాలని, తొలగించదలిస్తే ఆధారం చూపి, నోటీసు ఇచ్చి, వారి మాట వినాలని న్యాయస్థానం చెప్పింది. ఆ కేసు నడిపినవారు మనలాంటి బస్తీ మనుషులే.

2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణ మీకు తెలిసినదే. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లన్నింటినీ, తొలగింపుకు కారణాలతో సహా, బహిరంగంగా ప్రకటించాలని ఆదేశించింది. అది ప్రజలకు లభించిన పెద్ద సదుపాయం. అయితే ప్రకటించిన జాబితాను చదివేవారు లేకపోతే ఆ ఆదేశం వలన ప్రయోజనమేమిటి? ఆ సవరణను దేశమంతటికీ విస్తరింపజేయాలన్నది ఎన్నికల సంఘం నిర్ణయం. మన వంతు వచ్చిన తరువాత కాగితాలు వెదకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

ఇక మన సికింద్రాబాద్‌కే ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. రసూల్‌పురా వంటి బస్తీలు ఉన్న కంటోన్మెంట్ ప్రాంతంలో పార్లమెంటుకు, శాసనసభకు ఒక జాబితా, కంటోన్మెంట్ బోర్డుకు వేరొక జాబితా. అనుమతి లేని కట్టడాలలో నివసించేవారు బోర్డు జాబితాకు అర్హులు కారని 2016లో సుప్రీంకోర్టు మరొక కంటోన్మెంటుకు సంబంధించిన కేసులో తీర్పు ఇచ్చింది. ఆ తరువాత ఇక్కడి బోర్డు జాబితా నుంచి వేలాది పేర్లు తొలగిపోయాయి. ఎం.పి.ని, ఎమ్మెల్యేను ఎన్నుకోగల మనిషి తన వీధి నల్లా గురించి అడిగే సభ్యుడిని ఎన్నుకోలేడు. ఆ బోర్డుకైనా 2015 జనవరి తరువాత ఎన్నిక జరగలేదు. 2023 ఏప్రిల్ 30న జరుపుతామని ప్రకటించి, తిరిగి రద్దు చేశారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, దళితులు అందరూ కలిసి అనుభవిస్తున్న లోటు ఇది. కనుక అందరితో కలిసి అడగవలసిన విషయం కూడా.

ఇంతవరకు ఇతరుల లోపాలు చెప్పాము. మన లోపం కూడా చెప్పుకోవాలి. 2024 మే 13న సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి జరిగిన ఎన్నికలో పోలింగు సుమారు 49 శాతం. దాదాపు 21 లక్షల మంది ఓటర్లలో ఓటు వేయనివారు పది లక్షలకు పైమాటే. గెలిచినవారి ఆధిక్యం 50 వేల లోపు. ఎవరు గెలిచారన్నది ఇక్కడ మా విషయం కాదు. సగం మంది మాట్లాడని చోట మిగిలిన సగమే ఊరంతటి మాటగా చెలామణి అవుతుంది. పేరు కోసం కోర్టుల దాకా వెళ్లినవారి సంగతి చెప్పుకున్నాము. పేరు ఉండి కూడా ఇంట్లో కూర్చున్నవారి సంగతి ఏమని చెప్పాలి? "మన ఒక్క ఓటుతో ఏమవుతుంది భాయ్" అన్న మాట, ఎవరో పేరు కొట్టివేయడానికి ముందే మన పేరును మనమే కొట్టివేసుకోవడం.

మరొక లోపం. మతం పేరిట ఓటు అడగడం ఎన్నికల అక్రమమని, అది అభ్యర్థి మతమైనా, ఓటరు మతమైనా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఎదుటివారు చేస్తే అభ్యంతరం చెప్పి, మనవారు చేస్తే తక్బీర్ పలకడం న్యాయం కాదు. నోటు తీసుకొని ఓటు వేసేవారు ఆ తరువాత నాయకుడిని నిలదీసే నైతిక బలాన్ని కోల్పోతారు.

ఈ మాటలు విని కొందరు యువకులు, ఇంత జరిగిన తరువాత కూడా ఈ వ్యవస్థను ఎందుకు నమ్మాలి అని అడుగుతారు. ఆ ప్రశ్నను మేము కసురుకోము. వారికి మన ఊరి చరిత్ర గుర్తుచేస్తాము. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాద్ ముస్లిములు ఎంతటి భయంలో, ఎంతటి నిరాశలో ఉన్నారో మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్నాము. ఆ తరువాత తొమ్మిదేళ్లకే, 1957లో, సికింద్రాబాద్ ఓటర్లు అహ్మద్ మొహియుద్దీన్‌ను లోక్‌సభకు పంపారు. 1962లోనూ ఆయననే పంపారు. 1967లో బాకర్ అలీ మీర్జాను, 1971, 1977లలో ఎం.ఎం. హాషింను ఎన్నుకున్నారు. ముస్లిముల ఓట్లతో మాత్రమే వారు గెలవలేదు. అన్ని వర్గాల పొరుగువారు వేస్తేనే గెలిచారు. మన పెద్దలు నమ్మకం తమంత తాము కలుగుతుందని ఎదురుచూడలేదు. వరుసలో నిలబడ్డారు, పక్కన నిలబడినవారితో మాట్లాడారు. నమ్మకం అక్కడ ఏర్పడింది.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాము. ప్రతి మస్జిద్ పరిధిలో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు తమ బూత్ జాబితాను ఇంటింటితో సరిచూడాలి. కొత్తగా పేరు చేర్చడానికి 6వ నంబరు ఫారం. తొలగింపునకు, అభ్యంతరానికి 7వ నంబరు. చిరునామా మార్పుకు, అక్షర దోషాలకు 8వ నంబరు. పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఇప్పుడు సంవత్సరంలో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే. ఇల్లు మారారన్న కారణంతో పేరు తొలగించే ముందు మన మాట వినే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. నిర్ణయం నచ్చకపోతే పదిహేను రోజులలో జిల్లా అధికారికి అప్పీలు చేయవచ్చు. జాబితా విషయంలో తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. అది మన మీద తప్పుడు అభ్యంతరం పెట్టినవారికీ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది. ఏ దరఖాస్తు ఇచ్చినా రసీదు తీసుకోండి. తల్లిదండ్రుల పేర్లు ఉన్న ఇరవై ఏళ్ల కిందటి జాబితా పుట నకలు సంపాదించి, ఇంటి కాగితాలతో పాటు భద్రపరచండి. తెలియని విషయాలకు 1950 నంబరుకు ఫోన్ చేయండి.

బూత్ స్థాయి అధికారులుగా వచ్చేవారిలో అంగన్‌వాడీ కార్యకర్తలు, చిన్న ఉద్యోగులు ఉంటారు. వారిని శత్రువులుగా చూడకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాగితాలు చూపించండి. బల్లకు అవతలి వైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాము: మర్యాదగా, కాగితంతో వచ్చిన మనిషి పని ఆపడం చాలా కష్టం.

సోదరులారా, మన ఉలమా ఓటును సాక్ష్యంతో పోల్చారు. సాక్ష్యం దాచడం ఎంత తప్పో మనకు తెలుసు. సాక్షి పేరే పట్టికలో లేకపోతే సాక్ష్యం చెప్పేదెలా? ఆనాడు ఆటోలో వెనుదిరిగిన ఆ తల్లికి తరువాత మేము 6వ నంబరు ఫారం నింపి ఇచ్చాము. పేరు తిరిగి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో ఆమె ఓటు వేసి, సిరా చుక్క ఉన్న వేలు మాకు చూపించింది. ఆ తరువాత ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. ఆమె పేరు జాబితా నుంచి తీయించడానికి 7వ నంబరు ఫారం కూడా మేమే నింపించి, కొడుకు చేత సంతకం పెట్టించాము. రెండు ఫారాలూ ఒకే బాధ్యతగా భావించాము.

అల్లాహ్ మనకు హక్కును అడిగే ధైర్యాన్ని, బాధ్యతను నెరవేర్చే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.