పిల్లల మనసుకూ పద్దులో చోటుండాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి సంఘం తరఫున చేసిన ప్రసంగం)



భూమి గురించి, అడవి గురించి, పోడు పట్టాల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి మన పిల్లల మనసు గురించి, దాని కోసం సర్కారు ఇవ్వాల్సిన డబ్బు గురించి మాట్లాడాలనుకున్నాం.

మన పిల్లలు చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కు పోతారు. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడిన పిల్లకు అక్కడ పాఠం తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. పక్కన అమ్మ ఉండదు, నోటికి వచ్చిన మాట ఎదుటివాళ్లకు అర్థం కాదు. కొందరు తిండి మానేస్తారు. కొందరు పండగ సెలవులకు వచ్చి మళ్లీ పోమని ఏడుస్తారు. 'బద్ధకం' అని ఒకరంటే 'గాలి సోకింది' అని ఇంకొకరు అంటారు. వడ్డె దగ్గరికో, పూజారి దగ్గరికో తీసుకుపోవడం తప్పని మేం అనం. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల చుట్టూ కూచోవడమే సగం ఓదార్పు. కానీ పిల్ల వారాల తరబడి నిద్రపోకపోయినా, బతకాలని లేదని అన్నా డాక్టరు కూడా కావాలి. ఆ డాక్టరు కోసం పట్నం పోవాలంటే బస్సు ఛార్జీలతో పాటు కూలి కూడా పోతుంది. అందుకే చాలామంది పోనే పోరు.

చట్టం మన వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సర్కారు నడిపే, సర్కారు డబ్బుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. పిల్లల సేవలను ఆ చట్టం విడిగా పేర్కొంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. గిరిజన సంక్షేమానికి రాజ్యాంగం 275(1) అధికరణం కింద కేంద్రం గ్రాంటు ఇస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. ఇన్ని దారులున్నా మన పిల్లల మనసు కోసం ఏం కావాలో మన ఊళ్లు రాసి ఇవ్వకపోతే, ఆ పద్దు ఎవరికి గుర్తుంటుంది?

ఇక్కడ అమెరికా ఆదివాసీల సంగతి ఒకటి చెప్పాలి. అక్కడి ప్రభుత్వం 1998లో 'సర్కిల్స్ ఆఫ్ కేర్' అనే గ్రాంటు మొదలుపెట్టింది. పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఆ డబ్బు తెగలకు, పట్నాల్లోని ఆదివాసీ సంస్థలకు అందుతుంది. అది వైద్యం నడపడానికి ఇచ్చే డబ్బు కాదు, ముందుగా ప్రణాళిక వేసుకోవడానికి ఇచ్చేది. పెద్దలు, తల్లిదండ్రులు, యువకులు కూచుని తమ పిల్లలకు ఏం కావాలో, తమ సంప్రదాయంలో ఏం పనికొస్తుందో వాళ్లే తేల్చుకుంటారు. మనకు నచ్చింది ఆ వరస: ముందు ఊరి మాట, తర్వాత సేవ.

ఆ పని మనమూ చేయొచ్చు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో అభివృద్ధి ప్రణాళికలను అమలుకు ముందు గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయిన నిధులకు ధ్రువీకరణ ఇవ్వాల్సిందీ గ్రామసభే. రోడ్డుకూ, బోరుకూ తీర్మానం రాసే చేత్తోనే దీనికీ రాద్దాం.

ఏం రాయాలి? ప్రతి హాస్టల్లో పిల్లల భాష వచ్చిన మనిషి ఒకరు ఉండాలి. జిల్లా మానసిక వైద్య బృందం నెలకొకసారి మన పీహెచ్‌సీకి రావాలి. ఆశా అక్కలకు, వార్డెన్లకు శిక్షణ ఇవ్వాలి. పట్నం పోక తప్పని బిడ్డకు దారిఖర్చులు ఇవ్వాలి. గ్రాంటు గడువు ముగిశాక ఈ పని ఏ పద్దు కింద సాగుతుందో కూడా రాయించాలి. లేకపోతే రెండేళ్లు నడిచి ఆగిపోతుంది, నమ్మి వచ్చిన పిల్ల మళ్లీ ఒంటరిదవుతుంది.

తీర్మానం ఇవ్వగానే డబ్బు రాదని మాకు తెలుసు. నకలు దగ్గర పెట్టుకుని ఐటీడీఏ చుట్టూ తిరగాలి. ఆ ఓపిక, ఆ చదువు మీకున్నాయి. హాస్టల్ బతుకు తెలిసినవాళ్లు మీరే. మీ పక్క ఊరి పిల్ల ఎందుకు మాట్లాడటం మానేసిందో ఆఫీసరు కంటే ముందు మీకే తెలుస్తుంది.

అప్పటిదాకా ఒక నంబరు గుర్తుంచుకోండి: 14416. టెలీ మానస్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. తెలుగు సరిగా రాని పిల్లకైతే మీరు పక్కన కూచుని ఫోన్ చేయించండి.

వచ్చే గ్రామసభకు ముందు ఊరికి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కాగితం సిద్ధం చేయండి. రాయడానికి సంఘం తోడుంటుంది.

జోహార్!