లేవగలిగిన ఆట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున సంసారము, వినోదము అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. విషయము పెద్దది. నాకిచ్చిన సమయము చిన్నది. అందుచే దానిలో ఒక్క మూలను మాత్రమే తీసికొనుచున్నాను. రెండు మూడేండ్ల బిడ్డ తిరుగాడు ఇంటిలో, ఆటపై మక్కువ గల తండ్రియో తల్లియో ఉన్నప్పుడు ఆ ఇల్లు ఎట్లు నడువవలెను? పిల్లల ఆటలను గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. పెద్దల ఆటను గూర్చి, ఆ ఆటను ప్రక్కన నిలిచి చూచుచున్న పసివానిని గూర్చి చెప్పువారు తక్కువ.

ఆటను నిందించుటకు నేనీ వేదిక నెక్కలేదని ముందుగనే మనవి చేయుచున్నాను. పగలెల్ల పాటుపడినవానికి సాయంకాలము కొంత వినోదము కావలెను. మన తాతలు రావిచెట్టు క్రింది అరుగుపై పులిజూదము గీసికొని కూర్చుండెడివారు. మూడు పులులు, పదునైదు మేకలు. అదియే వారి రాజ్యము, అదియే వారి యుద్ధము. నేటి యువకుడు అరచేతిలోని ఫోనులో యుద్ధము చేయుచున్నాడు. ఆ కోరిక ఒకటే. వాని తాతకు తప్పుగాని వినోదము వానికి మాత్రము తప్పెట్లగును?

అయినను ఈ రెండాటలకు నడుమ ఒక భేదము కలదు. ఆ భేదమునే నేడు మీ ముందుంచ దలచితిని.

మన ఇండ్లలోని పాత ఆటలను ఒకసారి స్మరింపుడు. వామనగుంటల పీటకు వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలలో పదునాలుగు గుంటలు. అత్తాకోడండ్రు చింతగింజలు పంచుకొని ఆడుచుండగా ఉయ్యాలలోని బిడ్డ ఏడ్చును. కోడలు లేచిపోవును. బిడ్డకు పాలిచ్చి, జోకొట్టి తిరిగివచ్చు నప్పటికి గింజలు ఏ గుంటలోనివి ఆ గుంటలోనే యుండును. అష్టాచమ్మా అయినను అంతే. ఇరువదియైదు గడులు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. పొయ్యిపై పాలు పొంగినచో ఆట ఆగును. పాలు దింపినచో ఆట సాగును. కాయ పండుటకు తొందరలేదు. ఈ ఆటలు ఇంటి పనుల నడుమ పుట్టినవి, ఇంటి పనులకు దారి యిచ్చుట ఎరిగినవి. వీనిని నేను లేవగలిగిన ఆటలు అందును.

నేడు ఫోనులో ఆడు ఆటలలో అనేకము అట్టివి కావు. ఎందుచేత కావో తెలిసికొనుట అవసరము. తెలియనిచో ఆడువానిని ఊరక తిట్టుటయే మనకు మిగులును. పెక్కుమందిని ఒక దీవిపై దింపి, కడవరకు మిగిలినవారు గెలిచినట్లు లెక్కించు ఆట యొకటి మన యువకులలో మిక్కిలి వ్యాపించినది. దానిలో ఒక్కొక్క పోరునకు నూరుగురు వరకు ఆటగాండ్రు చేరుదురు. ఒకడు విజయవాడలో, ఒకడు వరంగల్లులో, మరియొకడు మరియే దేశములోనో యుండును. అందరును ఒకే క్షణమున ఆడుచుందురు. జట్టులోని నలుగురిలో ఒకడు లేచిపోయినచో తక్కిన మువ్వురును నష్టపోవుదురు. పోరు ముగియుటకు అరగంట పట్టవచ్చును. ఆ అరగంటలో బిడ్డ వచ్చి మోకాలు పట్టుకొని "నాన్నా, రా" అని పిలిచినచో ఆ తండ్రికి రెండు మాటలు వినబడును. ఒకటి చెవిలోని స్నేహితునిది, రెండవది మోకాలి కడ నున్న బిడ్డది. మొదటిదానికి బదులు చెప్పును. రెండవదానితో "ఉండు, ఉండు" అనును. వానికి బిడ్డపై ప్రేమ లేక కాదు. వాడు ఎక్కిన బండి నడుమ దిగుటకు వీలులేని బండి.

అంతియే కాదు. దినదినము వచ్చి ఆడినవానికి బహుమానము లిచ్చుట, ఒకనాడు రానిచో ఆ వరుస తెగుట, ఒక మెట్టు ఎక్కగానే మరియొక మెట్టు చూపుట మున్నగు ఏర్పాటులు ఈ ఆటలలో పెక్కింటియందు కలవు. పులిజూదములో మేకలన్నియు పోయినను, పులులు కట్టుబడినను ఆట ముగియును. ముగిసిన పిదప లేచి ఇంటికి పోవుదుము. ముగింపు లేని ఆటలో లేచుటకు వేళ ఆటగాడే నిర్ణయించుకొనవలెను. అలసిన వేళ అది ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

ఈ కష్టము నేటిది మాత్రమే కాదు. మహాభారతము అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము మనలో పెక్కుమంది ఎరిగినదే. నలుడు పుష్కరునితో జూదమాడుచుండగా మంత్రులును పౌరులును వాకిటికి వచ్చి నిలిచిరి. దమయంతి వచ్చి చెప్పినది. నలుడు తల యెత్తి బదులు పలుకలేదు. అప్పుడు దమయంతి ఏమి చేసినది? సారథియైన వార్ష్ణేయుని పిలిచి, తన ఇరువురు బిడ్డలను రథమెక్కించి కుండినపురమునందలి పుట్టినింటికి పంపివేసినది. రాజ్యము పోవుటకు ముందే, అడవుల పాలగుటకు ముందే, ఆ ఇంటినుండి మొదట వెడలినవారు పసిబిడ్డలు. కథలో ఈ ఘట్టమును మనము త్వరగా దాటిపోవుదుము. చిన్నబిడ్డలు గల ఇంటివారు ఇచ్చట కొంతసేపు ఆగవలెను.

ఇక జూదపు మాట. పందెము కట్టి ఫోనులో ఆడు రమ్మీ మున్నగు ఆటల వలన అప్పుల పాలైన కుటుంబములను మనము చూచితిమి. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను వీనిని నిషేధించుచు చట్టములు సవరించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసి, సొమ్ము పెట్టి ఫోనులోను కంప్యూటరులోను ఆడు ఆటలను నిషేధించెను. సొమ్ము పోయినచో చట్టము అడ్డుపడవచ్చును. బిడ్డతో గడుపవలసిన సాయంకాలము పోయినచో అడ్డుపడు చట్టము లేదు. దానికి ఇంటివారే కట్టుబాటు చేసికొనవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేండ్ల లోపు బిడ్డలను గూర్చి కొన్ని సూచనలు చేసినది. ఏడాది నిండని బిడ్డకు తెర చూపనే రాదు. రెండవ ఏడు నడుచుచున్న బిడ్డకును వలదు. రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదు. ఎంత తక్కువైన అంత మేలు. మూడు, నాలుగేండ్ల బిడ్డకు దినమునకు పది మొదలు పదుమూడు గంటల నిద్రయు, మూడు గంటల పరుగును ఆటయు కావలెను. ఆ సంస్థయే ఆటపై అదుపు తప్పుటను ఒక వ్యాధిగా తన పట్టికలో చేర్చినది; ఆ పట్టిక 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. అంతమాత్రమున ఆడువారందరును రోగులని భావింపరాదు. ఆటను ఆపలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట అను లక్షణములు సాధారణముగా ఏడాది కాలము నిలిచినప్పుడే ఆ పేరు పెట్టుదురు. ఆడువారిలో పెక్కుమంది ఆ దశకు చేరరు. నా మాటలు ఆ పెక్కుమందిని ఉద్దేశించినవే.

సోదరులారా, ఇంటిలో ఒకరి తీరిక మరియొకరి పని యగుచుండును. తండ్రి ఒక గంట ఆడుచున్నాడన్నచో ఆ గంటసేపు బిడ్డను ఎవరో ఎత్తుకొనియున్నారని అర్థము. ఆ ఎవరో సాధారణముగా తల్లి. ఆమెయు పగలెల్ల పాటుపడినదే. తండ్రికి గంట తీరిక యున్నచో తల్లికిని గంట తీరిక యుండవలెను. ఆ గంటలో ఆమె పుస్తకమే చదువునో, పాటయే వినునో, ఆమెయే ఆడునో, ఊరక కన్నులు మూసికొని పరుండునో అది ఆమె యిష్టము. ఈ లెక్క సరియైనచో ఇంటిలో ఆటపై పోరు సగము తగ్గును.

బిడ్డ కలిగినందున ఆటను సంపూర్ణముగ విడువవలెనా? అక్కరలేదు. మన గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపిని చూడుడు. తండ్రి అశోక్ గారు తానును చదరంగ క్రీడాకారుడే. కుమార్తెకు చదరంగము నేర్పుటకై ఉద్యోగమునే విడిచిరి. ఆమె 2002లో, పదునైదేండ్ల వయస్సున, గ్రాండుమాస్టరు పదవి నందినది. 2017లో ఆమెకు కుమార్తె జన్మించినది. కొంతకాలము ఆమె పోటీలకు దూరముగా నుండి, తిరిగి బల్లయొద్దకు వచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలోను, 2024 డిసెంబరులో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. పోటీ చదరంగము లేవగలిగిన ఆట కాదు. ప్రక్కన గడియారము నడచుచుండును. అట్టి ఆట ఆడదలచిన తల్లి వేళను ముందుగా ఏర్పరచుకొనవలెను, ఇంటిలోనివారి తోడ్పాటు ఉండవలెను. మన ఇండ్లలోని ఆటగాండ్రు ప్రపంచ విజేతలు కానక్కరలేదు. వారికిని అదే పద్ధతి సరిపోవును. లేవలేని ఆటకు వేళ ఉండవలెను; లేవగలిగిన ఆటకు ఏ వేళయైనను మంచిదే.

కావున ఆచరణకు వీలగు నాలుగు మాటలు చెప్పుదును.

మొదటిది: బిడ్డ మేలుకొనియున్న వేళ ఆడదలచినచో నడుమ ఆపుటకు వీలైన ఆటనే ఎంచుకొనుడు. ఫోనులో సైతము అట్టివి కలవు. ఒక్కడే ఆడు పదబంధములు, చిక్కుముడులు, నిదానముగ ఎత్తు పంపుకొను చదరంగము మన కొరకు వేచియుండును.

రెండవది: జట్టుతో ఆడు ఆటను బిడ్డ నిద్రించిన పిదపనే మొదలుపెట్టుడు. ఎన్ని పోరులో ముందే చెప్పుకొనుడు. స్నేహితులతో "మా ఇంట పసిబిడ్డ ఉన్నది, తొమ్మిదింటికి ముందు రాలేను" అని ఒకసారి చెప్పినచో వారే అలవాటు పడుదురు.

మూడవది: బిడ్డ పిలిచినప్పుడు ఫోనును బోర్లించి, వానివంక చూచి బదులు చెప్పుడు. ఏడ్పు మాన్పుటకు ఆ ఫోనునే వానిచేతికిచ్చుట సులభము. రేపు దానిని తిరిగి తీసికొనుట కష్టము.

నాలుగవది: బిడ్డను మీ ఆటలోనికి పిలువుడు. మూడేండ్లు దాటిన బిడ్డకు అష్టాచమ్మాలో ఎత్తులు తెలియవు, గవ్వలు వేయుట మాత్రము వచ్చును. వానిచేత గవ్వలు వేయింపుడు. వెల్లకిల పడినవెన్నియో లెక్కింపుడు. ఒకటి, రెండు, మూడు. నాలుగును వెల్లకిల పడినచో చమ్మా. నాలుగును బోర్ల పడినచో అష్ట. వారము తిరుగకుండ వాడు లెక్క నేర్చును. అంతకంటె పెద్ద చదువు మరియొకటి కలదు. తన వంతు వచ్చువరకు ఓపికపట్టుట, కాయ చచ్చినను ఏడ్వకుండుట, ఆట ముగిసిన పిదప గవ్వలు సంచిలో వేసి ముడివేయుట. ఈ కడపటిదానిని పెద్దలను చూచియే బిడ్డ నేర్చుకొనును. అయితే ఒక హెచ్చరిక. మూడేండ్లలోపు బిడ్డలు చేతికి దొరికినదెల్ల నోట బెట్టుకొందురు. చింతగింజ గొంతున అడ్డుపడినచో ప్రాణాపాయము. అంతటి చిన్నవారున్నచోట గింజలు, గవ్వలు పైన ఉంచుడు. వారికి పిడికిటిలో పట్టని చెక్కబొమ్మలు ఇండు.

కడపట ఈ గ్రంథాలయమునకు ఒక మనవి. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక చిన్న పెట్టె ఉంచుడు. దానిలో వామనగుంటల పీట యొకటి, చదరంగపు బల్ల యొకటి, పులిజూదము గీసిన గుడ్డ యొకటి ఉంచి, పుస్తకములవలెనే వారమునకు అరువిండు. ఖర్చు స్వల్పము. ఊరిలోని వృద్ధులను ఆదివారము పిలిచినచో నియమములు వారే నేర్పుదురు. శనివారము సాయంకాలము ఒక తండ్రి ఒక చేత పుస్తకము, మరియొక చేత గవ్వల సంచి పట్టుకొని ఇంటికి పోవునట్లు ఈ సంస్థ చేయగలిగినచో రాబోవు ఇరువదియైదేండ్ల సేవకు అది మంచి నాంది కాగలదు.

ఆడుడు, సోదరులారా. ఆడుచుండగా బిడ్డ పిలిచినచో లేవగలవారై యుండుడు.