ఎవరికి తొందర?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఎస్.ఆర్. నగర్ నుంచి మైత్రీవనం దాకా నడిస్తే బోర్డుల మీద ఎన్ని కోర్సుల పేర్లో! వాటిలో కాఫ్కా ఒకటి. "అది నేర్చుకోమంటారా అంకుల్?" అని పిల్లలు అడుగుతుంటారు. తప్పకుండా నేర్చుకోండి. పేరుతోపాటు దాని వెనకున్న లెక్క కూడా నేర్చుకోండి. ఎందుకంటే ఆ లెక్క ఇప్పుడు మారుతోంది.

ఫోన్‌లో డబ్బు పంపినా, క్యాబ్ నాలుగడుగులు కదిలినా ఎక్కడో ఒక వరుస సమాచారం నమోదవుతుంది. అలాంటివాటిని వచ్చిన క్రమంలో రాసిపెట్టి, అడిగినవారికి అందించే చిట్టా కాఫ్కా. లింక్డ్‌ఇన్‌లో పుట్టి, 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది.

ఒక యంత్రం పాడైనా చిట్టా పోకూడదు. అందుకని మామూలుగా మూడు యంత్రాల్లో మూడు ప్రతులు ఉంచుతారు. సొంత కంప్యూటర్ గదిలో ఇది బాగానే ఉండేది. క్లౌడ్‌లో ఆ మూడు యంత్రాలు మూడు వేర్వేరు జోన్లలో ఉంటాయి. 2022 నవంబరులో మన హైదరాబాదులో మొదలైన అమెజాన్ క్లౌడ్ కేంద్రానికీ మూడు జోన్లున్నాయి. అమెజాన్ క్లౌడ్‌లో ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు డేటా పంపితే జీబీకి ఇంత అని బిల్లు పడుతుంది. పెద్ద వ్యవస్థల్లో ఈ రవాణా ఖర్చు యంత్రాల అద్దెను మించిపోవచ్చు.

అదే అమెజాన్ 2006లో ఎస్3 అనే ఆబ్జెక్ట్ స్టోరేజీని తెచ్చింది. ఇందులో పెట్టిన ఫైలును కనీసం మూడు జోన్లలో భద్రపరచే పని దానిదే. అదే ప్రాంతంలోని యంత్రం నుంచి అందులో పెడితే రవాణా ఛార్జీ లేదు. అలాంటప్పుడు ప్రతులు మనమెందుకు మోయాలి? 2023లో వార్ప్‌స్ట్రీమ్ అనే సంస్థ ఈ ప్రశ్నతోనే వచ్చింది. కాఫ్కా సృష్టికర్తలు పెట్టిన కాన్‌ఫ్లుయెంట్ సంస్థే 2024లో దాన్ని కొనేసింది.

అయితే చిక్కొకటుంది. ఎస్3లో పెట్టిన ప్రతిసారీ కొంత రుసుము, కొంత ఆలస్యం తప్పవు. అందుకే ఇది షేర్ ఆటో పద్ధతి. సీట్లు నిండాలి, లేదా పెట్టుకున్న గడువు, అంటే సెకనులో పావు వంతో ఎంతో, దాటాలి. అప్పుడే బండి కదులుతుంది. తలకు ఖర్చు తగ్గుతుంది. కానీ కొన్ని మిల్లీసెకన్లలో అయ్యే పనికి కొన్ని వందల మిల్లీసెకన్లు పడుతుంది.

బండి నిండేలోపు యంత్రం ఆగిపోతే? సరిగ్గా కట్టిన వ్యవస్థ, ఎస్3 భద్రపరిచానని చెప్పేదాకా పంపినవాడికి "అందింది" అనదు. ఆ మాట రాకపోతే వాడు మళ్లీ పంపుతాడు. ఆలస్యమైనా అబద్ధం ఉండదు. వేగం కోసం ఈ ఒక్క నియమాన్ని వదిలేస్తే డేటా చప్పుడు లేకుండా పోతుంది.

కాబట్టి మొదటి ప్రశ్న, ఎవరికి తొందర? డబ్బు చేయి దాటకముందే మోసాన్ని ఆపాలంటే ప్రతి మిల్లీసెకనూ ముఖ్యమే. మీటరు రీడింగుకూ రాత్రి రిపోర్టుకూ అర సెకను ఆలస్యం లెక్కలోది కాదు. రెండింటికీ ఒకే బండి కట్టి, ఒకే ఖర్చు పెట్టడమే మనం మానుకోవాల్సింది.

పిల్లలూ, బోర్డు మీద పేర్లు మారుతూనే ఉంటాయి. ప్రతులు ఎక్కడున్నాయి, మోసే ఖర్చు ఎవరిది, "అందింది" అని ఎప్పుడంటారు, తొందర ఎవరికి? ఈ నాలుగూ ఏ కోర్సులోనైనా అడగండి. జవాబు ఒక్కటే కాదు, స్టెప్పులు కూడా చూసి మార్కులు వేసిన మన గురువులు మనకు నేర్పిందీ ఇదే.

సెలవు.