నాలుగున్నరకే పొద్దుగూకే ఊళ్లలో



స్వర్ణోత్సవంలో ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, వంతెనల గురించి మాట్లాడతానన్నాను. సివిల్ ఇంజనీర్ని, నాకు తెలిసిందదే. “భోజనాల ముందు సిమెంటు వద్దండీ. మీరు నలుగురు మిత్రులూ యూరప్ వెళ్లొచ్చారుగా, ఆ కబుర్లు చెప్పండి” అన్నారు. సరేనన్నాను. అయినా రెండు వంతెనలు మాత్రం తప్పవు, ముందే చెబుతున్నాను.

తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు ఐరోపా పటం గోడకు తగిలించి “డాన్యూబ్ నది చూపించరా” అంటే నేను వోల్గా మీద వేలు పెట్టాను. పీరియడంతా బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఆ మాస్టారు ఇవాళ మొదటి వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఈసారి డాన్యూబ్‌ని సరిగ్గానే గుర్తుపట్టానండి. జర్మనీలో పుట్టి, పది దేశాల మీదుగా సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి నల్ల సముద్రంలో కలుస్తుంది. ఇక కూర్చోవచ్చా?

మేం నలుగురం 1986 పదో తరగతి బ్యాచి. ఒకడు డాక్టరు, ఒకడు లెక్చరరు, ఒకడికి ఇక్కడే రైసుమిల్లు ఉంది, నాలుగోవాణ్ని నేను. ఏభై దాటాక ఎక్కడికైనా కలిసి వెళ్దామని డాక్టరు పట్టుబట్టాడు. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ అనుకున్నాం. క్రిస్మస్ రద్దీ తగ్గాక, జనవరిలో, విమానం టికెట్లూ హోటళ్లూ చవకగా దొరుకుతాయి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి, మర్నాడు ముక్కనుమకి బయలుదేరాం. పెట్టెల్లో స్వెట్టర్ల మధ్య సంక్రాంతి అరిసెలు, ఆవకాయ సీసా, చిన్న రైస్ కుక్కరు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. షెంగెన్ వీసాకి 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. అది ఎలాగూ తప్పదు. అసలు శ్రద్ధ పెట్టాల్సింది బూట్ల మీద. ఒక్క లావుపాటి కోటు కన్నా పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మేలు. లోపలికి వెళ్తే ఉక్క, బయటికొస్తే చలి. విప్పుకోవడానికీ వేసుకోవడానికీ వీలుగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఆ చీకటి గురించే నేను ఎక్కువగా చెప్పాలి.

ఇక్కడ మీకో సంగతి తెలియాలి. రైసుమిల్లు వాడూ నేనూ అప్పటికి పన్నెండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. బడిలో ఇద్దరం ఒకే బెంచీ. తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే తల ఆడించేవాళ్లం, అంతే. మన సంఘం సమావేశాల్లో వాడు ఎడమ వైపు కూర్చుంటే నేను కుడి వైపు కూర్చునేవాణ్ని. ఎందుకన్నది కాసేపట్లో చెబుతాను. ఈ సంగతి తెలిసే డాక్టరు హోటల్లో మా ఇద్దరికీ ఒకే గది వేశాడు. అదేమిట్రా అంటే, “మీ ఇద్దరికీ గురక. వైద్యపరంగా అదే సరైన పద్ధతి” అన్నాడు.

ప్రాగ్‌లో మొదటి ఉదయం నా ఫోను మైనస్ ఆరు డిగ్రీలు చూపించింది. వల్టావా నది మీద చార్లెస్ వంతెన ఉంది. నాలుగో చార్లెస్ చక్రవర్తి కాలంలో 1357లో మొదలుపెట్టారు. పొడవు 516 మీటర్లు, 16 రాతి కమానులు. సున్నంలో కలపడానికి ఊరూరి నుంచీ కోడిగుడ్లు తెప్పించారని ఒక కథ చెబుతారు. వెల్వరీ అనే ఊరివాళ్లు దారిలో పగిలిపోతాయని గుడ్లు ఉడకబెట్టి మరీ పంపారట. “మన బ్యాచి వాళ్లే అయ్యుంటారు” అన్నాడు లెక్చరరు.

అప్పుడు నవ్వుతూ అడుగు వేశాను. రాళ్ల మీద మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, అద్దంలా ఉంది. కాలు జారింది. వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే రైసుమిల్లు వాడు. “చూసుకుని నడువు” అన్నాడు. పన్నెండేళ్లలో వాడు నాతో అన్న మొదటి మాట అది. వంతెన దాటేదాకా చెయ్యి వదల్లేదు. దాటాక వదిలేసి, జేబులో పెట్టుకుని, లెక్చరరు పక్కకి వెళ్లిపోయాడు.

ప్రాగ్ నుంచి వియన్నాకి రైలులో నాలుగు గంటలు. వియన్నాలో అందరూ రాజభవనాలూ సంగీతమూ చూస్తారు. మేమూ చూశాం. 136 మీటర్ల గోపురమున్న సెయింట్ స్టీఫెన్ చర్చి చూశాం. ఆ గోపురంలో చూసే గది దాకా 343 మెట్లు. డాక్టరు మా నలుగురి మోకాళ్ల సంగతి ఆలోచించి, కింద నుంచే దణ్ణం పెట్టించాడు. కానీ మా రైసుమిల్లు వాడికి అన్నిటికన్నా నచ్చింది చెత్త తగలబెట్టే ఫ్యాక్టరీ. నవ్వకండి. మెట్రోలో వెళ్తుంటే స్పిట్టెలావ్ స్టేషను దగ్గర కనిపిస్తుంది. రంగురంగుల గోడలు, పొగగొట్టం మీద బంగారు రంగు గోళం. 1987లో అగ్నిప్రమాదం జరిగాక, హుండర్ట్‌వాసర్ అనే చిత్రకారుడి చేత దానికి కొత్త రూపు ఇప్పించారు. ఏటా సుమారు రెండున్నర లక్షల టన్నుల చెత్త కాల్చి, ఆ వేడితో నీళ్లు కాచి, గొట్టాల్లో ఇళ్లకు పంపుతారు. ఊరి కింద అలాంటి గొట్టాలు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్నాయి.

నేను ఇది లెక్చరరుకు వివరిస్తుంటే, మా వాడు నా వైపు చూడకుండానే అడిగాడు. “అంత దూరం పోయేసరికి నీళ్లు చల్లారిపోవా?” గొట్టం చుట్టూ వేడి పోకుండా మందంగా పూత ఉంటుందని, వేడి ఇచ్చేసిన నీళ్లు రెండో గొట్టంలో తిరిగొచ్చి మళ్లీ కాగుతాయని చెప్పాను. “అయితే మా ఉప్పుడు బియ్యం బాయిలరే. మేం ఊక వేస్తాం, వీళ్లు చెత్త వేస్తున్నారు” అన్నాడు. తర్వాత అరగంట సేపు ఊక గురించీ ఆవిరి గురించీ వాడు చెప్పాడు, నేను విన్నాను. ఇంజనీరింగు చదివినవాణ్ని నేనే గానీ, బాయిలరుతో ముప్పై ఏళ్లు కాపురం చేసినవాడు వాడు.

ఆ సాయంత్రం నాలుగున్నరకి చీకటి పడింది. బయట మంచు. వేసవిలో వెళ్లి ఉంటే రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉండేది, తిరిగీ తిరిగీ వచ్చి పడుకునేవాళ్లం. చలికాలంలో అలా కుదరదు. నాలుగున్నర నుంచి పదకొండు దాకా నాలుగు గోడల మధ్య కూర్చోవాలి. ఆ రాత్రి డాక్టరూ లెక్చరరూ సంగీత కచేరీకి వెళ్లారు. గదిలో మేమిద్దరం మిగిలాం. హీటరు మీద మేజోళ్లు ఆరుతున్నాయి, కుక్కర్లో అన్నం ఉడుకుతోంది. టీవీలో వచ్చేది జర్మను భాష, దాని వెనక దాక్కోవడానికి కూడా లేదు.

జరిగింది ఇది. పన్నెండేళ్ల కిందట వాడి మిల్లు నష్టాల్లో పడింది. అప్పు తిరగరాయడానికి హామీ సంతకం కావాలన్నారు. వాడు నాకు ఫోను చేశాడు. “ఇంట్లో అడిగి చెబుతాన్రా” అన్నాను. ఇంట్లో అడగలేదు. వాడికి మళ్లీ ఫోను చెయ్యలేదు. వాడు చేస్తే తియ్యలేదు. అప్పుడు హైదరాబాదులో నాకు సొంత ఇల్లు, నెల తిరిగితే జీతం ఉన్నాయి. భయమేసింది. భయమేసిందని చెప్పడానికి నామోషీ వేసింది.

అన్నం వడ్డించుకున్నాక నేనే మొదలుపెట్టాను. “ఆ రోజు సంతకం పెట్టనందుకు...” అనబోయాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“సంతకం పెట్టనందుకు నాకు కోపం లేదురా. నీ పిల్లలు చిన్నవాళ్లు, నీ భయం నీది. పెట్టనని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. వారం రోజులు నీ ఫోను కోసం కూర్చున్నాను. వీడు తప్పకుండా పెడతాడని ఇంకెవర్నీ అడగలేదు. గడువు దాటిపోయింది. ఎకరం అమ్ముకున్నాను. అది నాన్న కొన్న ఎకరం.”

నా దగ్గర జవాబు లేదు. తప్పయిపోయిందన్నాను. వాడు క్షమించానని అనలేదు, సినిమాల్లోలా కావలించుకోనూ లేదు. కాసేపటికి డబ్బా మూత తీసి, “అరిసె తిను. రేపటికి రాయిలా అవుతుంది” అన్నాడు. తిన్నాను. అప్పటికే రాయిలా ఉంది.

మర్నాడు బుడాపెస్ట్ వెళ్లాం. రెండున్నర గంటలు దాటిన ప్రయాణం. అక్కడ నా రెండో వంతెన. డాన్యూబ్‌కి ఒక గట్టున బుడా, ఇంకో గట్టున పెస్ట్. రెంటినీ కలిపిన మొదటి శాశ్వత వంతెన గొలుసుల వంతెన, 1849 నవంబరు 20న తెరిచారు. డిజైను చేసినాయన విలియం టియర్నీ క్లార్క్, కట్టించినాయన ఆడమ్ క్లార్క్. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. కట్టడానికి పట్టుబట్టినాయన ఇష్త్వాన్ సెచెన్యీ. 1820 డిసెంబరులో ఆయన తండ్రి పోయారు. నదిలో మంచు గడ్డలు పారుతుంటే పడవలు నడవక, అంత్యక్రియలకు వెళ్లాల్సిన కొడుకు ఒడ్డున వారం రోజులు ఎదురుచూశాడని చెబుతారు.

వంతెన మీద నడుస్తూ నేనీ కథ చెబుతున్నాను. “వారం రోజులు” అన్నచోట నా నోరు ఆగిపోయింది. మా వాడు నా వైపు చూసి, “ఊఁ, తర్వాత?” అన్నాడు.

తర్వాత చెప్పాను. 1945 జనవరిలో వెనక్కి తగ్గుతున్న జర్మను సైన్యం దాన్ని పేల్చేసింది. ఇనుమంతా నదిలో పడింది. రాతి గోపురాలు మాత్రం నిలిచాయి. ఆ గోపురాలకే కొత్త గొలుసులు తగిలించి, సరిగ్గా నూరేళ్లకు, 1949 నవంబరు 20న మళ్లీ తెరిచారు.

“అయితే నాలుగేళ్ల పై చిల్లర. మనకి పన్నెండు పట్టింది” అన్నాడు వాడు.

ఆ సాయంత్రం సెచెన్యీ స్నానశాలకు వెళ్లాం. 1913 నాటిది. భూమిలోంచి 70 డిగ్రీలు దాటిన వేడి నీళ్లు వస్తాయి, చల్లబరిచి కొలనుల్లోకి వదులుతారు. బయట గడ్డకట్టే చలి, ఆరుబయట కొలనులో పీకల్లోతు వేడి నీళ్లు, పైన ఆవిరి. పక్కవాడు కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. బడి ఎగ్గొట్టి పంట కాలువలో ఈదిన నలుగురమూ మళ్లీ ఒకే నీళ్లలో ఉన్నాం. లెక్కల మాస్టారు గట్టు మీద బెత్తం పట్టుకుని నిలబడలేదు, అదొక్కటే తేడా.

ఈ సంగతంతా ఇక్కడ చెప్పవచ్చా అని మొన్న వాణ్నే అడిగాను. “చెప్పు. నా ఎకరం సంగతి కూడా చెప్పు, మింగెయ్యకు” అన్నాడు. చెప్పాను. ఆ ఎకరం తిరిగి రాదు. మాట్లాడుకోని పన్నెండేళ్లూ రావు. వాడి అమ్మగారు నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టిన తల్లి. ఆవిడ ఆ మధ్యలోనే పోయారు. నేను కర్మకి కూడా వెళ్లలేదు. అది ఏ నాలుగున్నర చీకట్లో కూర్చున్నా తీరేది కాదు.

అందుకని కార్యదర్శి గారు అడిగిన కబుర్లతో పాటు ఈ ఒక్క మాట. మీరూ ఎవరికైనా “కనుక్కుని చెబుతాను” అని చెప్పకుండా వదిలేసి ఉండవచ్చు. ఆ మనిషి ఈ హాల్లోనే ఉండవచ్చు. దానికోసం ప్రాగ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఇంకో పావుగంటలో భోజనాలు. వెళ్లి ఆ విస్తరి పక్కన కూర్చోండి.

నేను ఇవాళ ఎడమ వైపు కూర్చున్నాను, గమనించే ఉంటారు.