రైలుస్టేషను తోట – మన చెట్ల ఖజానా



తల్లాడకు రైలు లేదు. ఖమ్మమో, మధిరో, కొత్తగూడెమో పోతేగాని మనకు రైలుకూత వినబడదు. మరి స్టేషను తోట గొడవ మనకెందుకు అంటారేమో. బండి ఆలస్యమైనప్పుడు ఏ చెట్టు నీడన మూట దించి కూర్చుంటామో, ఆ చెట్టు మాటే ఈవేళ చెప్పదలచుకున్నాను.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారి లైను 1888లో డోర్నకలు మీదుగా ఇల్లెందు బొగ్గుగనులకు చేరింది. 1889లో ఖమ్మం, మధిరల మీదుగా బెజవాడ దాకా సాగింది. ఆవిరి ఇంజనుకు బొగ్గెంత అవసరమో నీరూ అంతే అవసరం. నీటి వసతి వున్నచోట నాలుగు చెట్లు పెంచడం కష్టం కాదు గదా! వేప, కానుగ మన సొంతం. స్టేషన్లలోనూ రోడ్ల పక్కనా కనిపించే నిద్రగన్నేరు మాత్రం అమెరికా ఖండపు వేడిదేశాలది. ఎర్ర తురాయి మడగాస్కరు దీవిది. నేడు మన పిల్లలు అవీ మన చెట్లే అనుకుంటారు.

కెనడా దేశంలో ఒక ముచ్చట వున్నది. 19వ శతాబ్ది చివరలో కెనడియన్ పసిఫిక్ రైల్వేవారు స్టేషను ఉద్యోగులకు విత్తనాలు పంచి తోటలు వేయించారు. ఎందుకు? కొత్తగా భూమి కొనవచ్చిన వ్యవసాయదారు ఆ తోటను చూచి, ఈ నేల మంచిదే, ఇక్కడ పంట పండుతుందని నమ్మాలని. అంటే మనం ఈనాడు వేసే ప్రదర్శన క్షేత్రం వంటిదే ఆ స్టేషను తోట.

1916లో కట్టిన కాచిగూడ స్టేషను గోపురాలను చూచి, ఇది మన వారసత్వం అంటాము. సంతోషమే. కాని గోపురం బీటలిస్తే మేస్త్రీ బాగుచేస్తాడు. వందేళ్ళ చింతచెట్టు కూలితే ఏ మేస్త్రీ తిరిగి కట్టగలడు?

ఇప్పుడు అమృత్ భారత్ స్టేషన్ పథకంలో ఖమ్మం, మధిర, భద్రాచలం రోడ్డు స్టేషన్లను చేర్చారు. ప్రయాణీకులకు సౌకర్యాలు రావలసిందే. అయితే ఇటువంటి పనులు జరిగేచోట చెట్టు మొదలుదాకా గచ్చు వేస్తే, గొడ్డలి పెట్టకుండానే ఆ చెట్టు చస్తుంది. ఆహారం తీసుకునే వేళ్ళు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే వుంటాయి. వాటికి గాలీ నీరూ అందవద్దా?

ముసలిచెట్టు గదా, పోతే పోనీ అనవద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగితే, 2018లో చెదల మందు నీళ్ళలో కలిపి, మనిషికి సెలైను ఎక్కించినట్లు చుక్కచుక్కగా ఎక్కించారు. శ్రద్ధ వుంటే ముసలిచెట్టునూ నిలబెట్టవచ్చు.

ఇక మనం చేయగలిగిందేమిటి?

మొదటిది: పాత చెట్లకు పట్టిక వ్రాయండి. చెట్టు పేరు, నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత, పూత కాలం, కాపు కాలం వ్రాస్తే చాలు. పని మొదలుకాకముందే ఆ పట్టికను స్టేషనుమాస్టరుగారికి అందజేయండి.

రెండవది: చెట్టు చుట్టూ వీలైనంత మేర మట్టి వదలమని కోరండి. గొడుగు పరచుకున్నంత మేరా వదిలితే మరీ మంచిది.

మూడవది: విత్తనం దాచండి. వేపపండ్లు రాలిన వెంటనే ఏరి, గుజ్జు కడిగి, గింజను నీడన ఆరబెట్టి రెండు మూడు వారాలలోపల నాటాలి. ఆలస్యమైతే మొలక తగ్గిపోతుంది. చింతగింజ అంతకన్నా చాలాకాలం నిలువవుంటుంది. రాత్రి నానబెట్టి తెల్లవారి విత్తండి. కాని గింజ మొలకకు తల్లి గుణమే వస్తుందని చెప్పలేము. కాయ పులుపు, కండ నచ్చితే అంటు కట్టించవలసిందే. స్టేషను చెట్టు సర్కారు సొత్తు. అనుమతి లేనిదే కొమ్మ ముట్టవద్దు.

కార్యకర్తలకు మరొక్క మాట. గుడ్లగూబలు పాతచెట్ల తొర్రలలో కాపురముంటాయి. రాత్రిపూట పొలాల మీద పడి ఎలుకలను పట్టి తింటాయి. ఈ సంగతి రైతుకు చెప్పండి. చెట్టు విలువ లెక్కలోనే తెలుస్తుంది.

ఈసారి ఖమ్మమో కొత్తగూడెమో పోయినప్పుడు బండి వచ్చేలోపల ఒక్క చెట్టయినా కొలిచి వ్రాసుకోండి. తొలకరికి దాని పిల్ల ఒకటి మీ గట్టు మీద నాటండి. తల్లాడకు రైలు లేకపోయినా, స్టేషను చెట్టు నీడ మన చేను గట్టుకు రావచ్చు.