పులిహోర మూట

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి బస్సులో పోవుచుండగా ప్రక్కనున్న అవ్వ పులిహోర మూట విప్పి, “తిను బిడ్డా” అని మాకును ఒక పిడికెడు పెట్టినది. తింటిమి, రుచికి లోపము లేదు. మా చూపు మాత్రము మూటమీదనే నిలిచినది. మోదుగాకు ఉండవలసిన చోట సిల్వర్ పేపరు! పేరే గాని అందు వెండియు లేదు, కాగితమును లేదు. అది రోలర్ల నడుమ అణచి పలుచన చేసిన అల్యూమినియము.

జొన్నరొట్టె చుట్టుటకు ఇది మంచిదే. గాలియు తేమయు చొరవు గనుక రొట్టె మెత్తగా నిలుచును. మెరయువైపు లోపలికా, వెలుపలికా అని అడుగు గృహిణులు కలరు. ఎటు చుట్టినను ఒక్కటే.

పులుపు సంగతి వేరు. అల్యూమినియముపై దానిని కాపాడు సన్నని ఆక్సైడు పొర ఒకటి ఉండును. చింతపండు, నిమ్మ, టొమాటోల ఆమ్లమునకు ఉప్పును వేడియు తోడైనచో ఆ పొర చెడి, లోహము అన్నములోనికి దిగును. రెండు దినములు చుట్టియుంచిన మామిడి పచ్చడి రేకునకు సూదిబెజ్జములు పడుట మా యింటనే చూచితిమి.

ఒక పూట తిన్నందుకు బెంగ వలదు. ఆరోగ్యవంతుని మూత్రపిండములు ఆ కొంచెమును వెలుపలికి పంపివేయును. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘము 2011లో, ఆహారము ద్వారా చేరు అల్యూమినియము వారమునకు శరీరపు బరువు కిలో ఒక్కింటికి 2 మిల్లీగ్రాములు మించరాదని హద్దు పెట్టినది. మూత్రపిండముల జబ్బు గలవారున్న యింట మరింత జాగ్రత్త వలయును.

పులిహోరకు స్టీలు టిఫిను డబ్బా కలదు. రేకే గతియైనచో లోపల అరటాకు పరచి, అన్నము చల్లారిన పిదప చుట్టవలెను.