తామర ఎవరి చుట్టం?



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పారు. ఆయనా, ఆయన దగ్గర చదివిన మేమూ నేర్చుకున్నది బెంథామ్-హుకర్ వర్గీకరణే. అందులో తామరదీ కలువదీ ఒకే కుటుంబం, నింఫియేసీ. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గ్యాంబుల్ రాసిన గ్రంథంలోనూ అంతే. ఇప్పుడా లెక్క చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పడమే ఈ పూట నా పని.

లేపాక్షి నాట్యమండపం పైకప్పులో చెక్కిన పెద్ద తామర మీరందరూ చూసిందే. అచ్యుతదేవరాయల కాలపు శిల్పి రేకుల పొందికకు ముగ్ధుడయ్యాడు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1753లో, లిన్నేయస్ కూడా పువ్వు తీరు చూసి తామరను కలువ ప్రజాతిలోనే చేర్చి నింఫియా నెలంబో అన్నాడు. శిల్పి చేసింది తప్పు కాదు. లిన్నేయస్‌ది మాత్రం తొందరపాటే అంటాను. 1763లో ఆడన్‌సన్ నెలంబో ప్రజాతిని వేరు చేశాడు. 1788లో గేర్ట్‌నర్ ఇప్పటి పేరు, నెలంబో న్యూసిఫెరా, ఖాయం చేశాడు. కుటుంబం మాత్రం చాలాకాలం ఉమ్మడిగానే ఉండిపోయింది.

చెరువుగట్టు మీద నిలబడి చూసినా తేడా తెలుస్తుంది. కలువాకు నీటి మీద పరుచుకుంటుంది, అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, కాడ ఆకు నడిమధ్యన అతుకుతుంది. మొదటి ఆకులు నీటి మీద తేలినా తర్వాతివి పైకి లేచి నిలబడతాయి. ఆకు మీద నీటిబొట్టు నిలవకపోవడానికి కారణం కంటికి కనిపించని బొడిపెలు, వాటి మీది మైనం. దీన్ని 1997లో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ వివరించారు. తామర కాడ తుంచితే పాలు కారతాయి. కలువ కాయ నీటిలో మునిగి పండుతుంది. తామరకు పువ్వు మధ్యనున్న బొడ్డే పెరిగి, గుంటకొక గింజతో, గాలిలోనే ఎండుతుంది.

అసలు సాక్ష్యం పుప్పొడిలో ఉంది. కలువ రేణువుకు ఒకే గాడి, తామర రేణువుకు మూడు. మూడు గాళ్లు నిజద్విదళబీజాల గుర్తు. ఆ వర్గం కలువల కొమ్మ విడిపోయిన చాలాకాలానికి పుట్టింది. 1990లలో డీఎన్‌ఏ పోలికలు ఇంకా వింతైన చుట్టరికం బయటపెట్టాయి. ఇప్పుడు తామరది నెలంబోనేసీ అనే ప్రత్యేక కుటుంబం, ప్రోటియేలీస్ క్రమం. అరకు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ దాని దగ్గరి బంధువు! నీళ్లలో పెరిగే మొక్కకు, గట్టి నేల మీది చెట్టుకు ఈ బంధుత్వం ఏమిటని మీరు నొసలు చిట్లించవచ్చు. ఒకే చెరువులో బతికితే పోలికలు వస్తాయి, రక్తసంబంధం రాదు. తామర కుటుంబంలో మిగిలింది రెండే జాతులు. మనది ఒకటి, ఉత్తర అమెరికాలో పసుపు పూలు పూసే నెలంబో లూటియా మరొకటి. మధ్యన మహాసముద్రం ఉన్నా, కలిపితే రెండూ సంకరమవుతాయి.

ఈ పువ్వు వేడి పుట్టిస్తుంది కూడా. బయట పది డిగ్రీల చలి ఉన్నా పువ్వు లోపల 30 డిగ్రీలకు పైగా ఉంటుందని అడిలైడ్ ఉద్యానంలో కొలిచి 1996లో ప్రకటించారు. మన పెనుకొండ ఎండలో ఆ విద్య ఎంత పనికొస్తుందో నాకు అనుమానమే.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ మనది. మరువ పారిన ఏడు చెరువు నిండుగా ఉంటుంది, మరో ఏడు తూము దగ్గర కూడా తడి ఉండదు. ఎండిపోయిన మట్టిలో తామర దుంప ఎక్కువ కాలం బతకదు. గింజ బతుకుతుంది. గట్టి పెంకు నీటిని లోపలికి పోనివ్వదు, అందుకే మొలక ఆగుతుంది. చైనాలోని లియావోనింగ్‌లో ఎండిన మడుగు మట్టిలో దొరికిన సుమారు 1,300 ఏళ్ల గింజను షెన్-మిల్లర్ బృందం మొలిపించింది. ఆ సంగతి 1995లో ప్రచురితమైంది.

కాబట్టి చెరువుల్లో పూడిక తీసి పొలాలకు తోలేటప్పుడు, తామర ఉండిన చోట కొంత మట్టిని చెరువులోనే వదలమని నా మనవి. బుక్కపట్నం చెరువు మట్టిలోనో, ధర్మవరం చెరువు మట్టిలోనో నల్లటి గట్టి గింజ దొరికితే విద్యార్థులు దాని ఒక కొసన పెంకును ఆకురాయితో కొద్దిగా అరగదీసి నీళ్లలో వేయండి. రోజూ నీళ్లు మార్చండి. జీవమున్న గింజైతే కొద్ది రోజుల్లో లోపలి ఆకుపచ్చ మొలక బయటికి వస్తుంది.